మందలింపునకు ముందు

వ్యక్తిత్వమును గూర్చిన పుస్తకములన్నిటిలోను, ఈ పుస్తకమున గడచిన అధ్యాయములతో సహా, ఒక ఊహ చప్పుడు చేయక పనిచేయుచుండును. మనిషి మంచము దిగకున్నచో అది సోమరితనమనియు, మాట మఱచినచో శ్రద్ధ చాలలేదనియు, ఇంటిలో ఎవ్వరితోను మాటాడక ముఖము త్రిప్పుకొనినచో అది స్వభావదోషమనియు, వీనినన్నిటిని అభ్యాసముచేతను ఆత్మపరిశీలనముచేతను దిద్దుకొనవచ్చుననియు ఆ ఊహ. అది చాలవఱకు నిజమే. నిజము కాని చోటు ఒకటి కలదు. అది నాకు బోధపడులోపల మా అక్క ఇంటిలో రెండేండ్లు వ్యర్థమైపోయినవి. కనుక ఈ అధ్యాయమున అభ్యాసములు చెప్పను. ఒక రక్తపరీక్షను గూర్చి చెప్పెదను.

మా అక్కది బొల్లారము. రాష్ట్రపతి నిలయమున్న సికింద్రాబాదు బొల్లారము కాదు. సంగారెడ్డి జిల్లాలో, మందుల కర్మాగారముల నడుమ పెరిగిన ఐ.డి.ఏ. బొల్లారము. మా బావ అక్కడ ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో రియాక్టరు ఆపరేటరు. వారము వారము మారెడి మూడు షిఫ్టుల ఉద్యోగము. నైట్ డ్యూటీ దిగి ఇంటికి వచ్చి, స్నానము చేసి, కూతురిని స్కూటరు మీద బడిలో దింపివచ్చిన పిమ్మటనే నడుము వాల్చెడి మనిషి. నలుబది మూడవ యేట మారిపోయెను.

మొదట కాళ్ల నొప్పులు, తరువాత దాహము. మంచము ప్రక్క నిండు చెంబు పెట్టుకొని పండుకొనిన మనిషి తెల్లవారులోపల దానిని రెండు మార్లు నింపుకొనుచు, నాలుగైదు మార్లు మూత్రమునకు లేచుచుండెను. షుగరేమో యని రెండు పర్యాయములు చూపించిరి, లేదు. ఒక రాత్రి షిఫ్టులో నడుము పట్టుకొని కూలబడగా కిడ్నీలో రాయి అనిరి. అది దానంతట పడిపోయినది. పదునాలుగు నెలలకు రెండవ రాయి, దానిని పేల్చివేసిరి. మలబద్ధకమునకు ఒక పొడి, కడుపులో మంటకు ఒక గోలీ, కాళ్ల నొప్పులకు మందుల దుకాణములో అడుగకయే ఇచ్చిన కాల్షియం బిళ్లలు. ఆ బిళ్లలను ఆయన ఎనిమిది నెలలు నిష్ఠతో మ్రింగెను. ఒక్కొక్క బాధకు ఒక్కొక్క డాక్టరు, ఒక్కొక్క చీటీ. చీటీలన్నియు బట్టల దుకాణపు కవరులో బియ్యపు డబ్బా మీద పడియుండెను. ఆ కవరును తెఱచి అన్నిటిని ఒక్కచోట పఱచి చూచినవారు లేరు. నేనును చూడలేదు.

ఒకనాడు అక్క ఫోను చేసి, “తమ్మీ, మీ బావ ఎన్నడన్న గిట్లుండెనా? పిల్ల పిలిస్తె పలుకుతలేడు. డ్యూటీకి టైమైతున్నదంటె కండ్లెర్రజేస్తడు. ఏడ పెట్టింది ఆడనే మరుస్తున్నడు. నువ్వన్న జెర చెప్పు” అని ఏడ్చెను. నేను వెళ్లి చెప్పితిని. ఇతరులకు చెప్పుట నా వృత్తి గదా! తెల్లవారుజామున ఐదింటికి లేవుమంటిని, ప్రతిదినము పది పంక్తులు వ్రాసికొమ్మని అట్ట గట్టిగానున్న నోటుపుస్తక మొకటి చేతిలో పెట్టితిని, మనసు గట్టిచేసికొమ్మంటిని. ఆయన చాలసేపు పుస్తకపు అట్టను నిమురుచు కూర్చుండి, “మనసు గట్టిగనే ఉన్నది బామ్మర్దీ, ఒళ్లే మాట వింటలేదు” అనెను. ఆ మాటలోనే రోగనిర్ణయమంతయు నున్నది. దానిని నేను సాకుగా భావించి, మఱికొంత గట్టిగా చెప్పితిని. ఇన్నేండ్ల నా పనిలో నేను ఎక్కువగా పశ్చాత్తాపపడు సాయంకాలము అదియే.

ఇరుగుపొరుగు వారు మాత్రము కారణము తెలిసినట్లే మాటాడిరి: “నీళ్లు.” బొల్లారములో ఆ మాటను తేలికగా త్రోసివేయరాదు. పటాన్‌చెరువు, బొల్లారము ప్రాంతపు కాలుష్యమును గూర్చిన వ్యాజ్యము 1990 లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కినది. పటాన్‌చెరువు దాపున మందుల కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అను యాంటీబయాటిక్, మందు మ్రింగిన రోగి రక్తములో నుండుదానికంటె ఎక్కువ గాఢతలో నున్నదని స్వీడను శాస్త్రజ్ఞులు 2007 లో ప్రకటించిరి. వాగులు చెడిపోయిన మాట నిజము, బోర్లు చెడిపోయిన మాట నిజము, ఆ ప్రజల ఆక్రోశము న్యాయమైనది. కాని నిజమైన ఫిర్యాదు ఒకటి చేతిలో నున్నప్పుడు మనము రెండవ ప్రశ్న వేయుట మానివేయుదుము. నేను చెప్పబోవు గడ్డను బొల్లారము నీటికి అంటగట్టుటకు ఆధారము లేదు. చాలమందిలో అది కారణమేదియు కనబడకయే పుట్టును. కొందఱిలో వంశపారంపర్యమైన జన్యుదోషమువలనను, మఱికొందఱిలో చిన్ననాట మెడకు రేడియేషను తగులుటవలనను, ఏండ్ల తరబడి లిథియం మందు వాడుటవలనను వచ్చును. నీళ్లే కారణమని అందఱును సమాధానపడియుండుటచేత మా బావ రక్తములో కాల్షియం ఎంతయున్నదో రెండేండ్లు ఎవ్వరును కొలువలేదు.

రెండవ రాయి పోయిన పిదప నడుము నొప్పికని చేరిన ఆసుపత్రిలో, రాత్రి డ్యూటీలోనున్న ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఆ కవరులోని చీటీలన్నిటిని మంచము మీద వరుసగా పఱచి, రెండు రాళ్లు పడిన మనిషికి కాల్షియం చూడలేదేమని అడిగినదట. కొన్ని వందల రూపాయలలో తేలిపోవు పరీక్ష. డెసిలీటరుకు ఇంచుమించు 8.5 నుండి 10.5 మిల్లీగ్రాముల లోపల నుండవలసినది 11.8 ఉన్నది. ఫాస్ఫరసు 2.1 కు పడిపోయినది.

మన గొంతులో థైరాయిడ్ గ్రంథి వెనుక, పప్పుబద్దంతేసి నాలుగు చిన్న గ్రంథులు కలవు. పారాథైరాయిడ్ గ్రంథు లని పేరు. పేరు తప్ప థైరాయిడ్‌తో వీనికి పనిలో పొత్తు లేదు. దేహమున సుమారు కిలో కాల్షియం ఉండగా నూటికి తొంబదితొమ్మిది పాళ్లు ఎముకలలోనే యుండును. రక్తములో తిరుగునది లేశమాత్రము. ఆ లేశమును అటు ఇటు కదలనీయక నిలుపుట ఈ నాలుగింటి ఉద్యోగము. రక్తములో కాల్షియం తగ్గినచో ఇవి పి.టి.హెచ్. అను హార్మోనును విడుచును. ఆ హార్మోను ఎముకనుండి కాల్షియంను తీయించును, మూత్రములో పోవుదానిని వెనుకకు మరలించును, ఫాస్ఫరసును బయటికి పంపును, విటమిన్ డి ని మేల్కొలిపి ప్రేగులచేత ఎక్కువ కాల్షియం పీల్పించును. చాలినంత కాగానే గ్రంథులు ఊరకుండును. ఇంటిపై ట్యాంకులో నీరు నిండగానే ఫ్లోటు లేచి వాల్వు మూసికొనునట్టి ఏర్పాటిది. మా బావకు నేను ఇట్లు వివరింపగా ఆయన తన భాషలో ఇంకను చక్కగా గ్రహించెను: “అంటె సెన్సారు తప్పు చూపిస్తున్నది. రియాక్టరు కాగి కాగి ఉన్నా చల్లగున్నదనుకోని స్టీము వదులుతనే ఉన్నది.” అంతే. ఆ నాలుగింటిలో ఒకదానియందు అడినోమా అను గడ్డ పుట్టినప్పుడు, అది క్యాన్సరు కాకున్నను, కాల్షియం ఎంత పెరిగినను తక్కువగా నున్నదనియే భావించి హార్మోనును విడుచుచుండును. నూటికి ఎనుబదికి పైగా రోగులలో దోషము ఇట్టి ఒక్క గడ్డదే. అది క్యాన్సరగుట నూటికి ఒకరిలో కూడ లేదు.

ఇంక ఆ చీటీలను మరల చూడుడు. కాల్షియం మిక్కిలియైన రక్తము మూత్రపిండములకు మూత్రమును చిక్కబఱచు శక్తిని తగ్గించును. కనుక మాటిమాటికి మూత్రము, దానిని పూరించుటకు దాహము. వడకట్టబడు కాల్షియం పొంగిపొరలి రాయిగా పేరుకొనును. ఎముక కరగుచుండును, కనుక కాళ్ల నొప్పులు. నరములు, కండరములు మొద్దువాఱును. కనుక మలబద్ధకము, నిస్సత్తువ. ఆ మొద్దువాఱుటయే మెదడునకును సోకినప్పుడు మఱపు, విసుగు, దిగులు, ఎవ్వరితోను మాటాడకుండుట. అయిదు చీటీలకు ఐదు రోగములు కావు, ఒక్కటే. దేనిని నేను సంకల్పలోపమని మందలించితినో అది డెసిలీటరుకు 11.8 మిల్లీగ్రాములు.

ఈ పొరపాటు మా ఇంటితో మొదలైనది కాదు. ఖడ్గమృగములో తొలుత కనబడిన ఈ గ్రంథులను మనుష్యులలో 1880 లో స్వీడను వైద్యవిద్యార్థి ఐవార్ సాండ్‌స్ట్రోమ్ వర్ణించెను. ఎముకలు శిథిలమై నడువలేని స్థితిలోనున్న ఒక ట్రాముబండి ఉద్యోగికి వియన్నాలో ఫెలిక్స్ మాండెల్ అను సర్జను, ఈ హార్మోను చాలకయే ఎముకలు చెడుచున్నవని తలచి, మొదట పారాథైరాయిడ్ సారమును, తరువాత గ్రంథినే తెచ్చి పెట్టి చూచెను; గుణమీయలేదు. 1925 లో మెడ కోసి చూడగా గడ్డ కనబడినది. తీసివేయగా రోగి మరల నడిచెను. ఎముకల నొప్పికి కాల్షియం బిళ్లలిచ్చిన మన దుకాణమువాని తర్కమును ఆ మహావైద్యుని మొదటి తర్కమును ఒక్కటే. మాండెల్ గొప్పతనము తన తర్కమును తాను విడిచిపెట్టుటలో నున్నది. ఆ 1925 లోనే, భీమవరములో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తములోని ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని ప్రకటించెను. దశాబ్దములపాటు ప్రపంచపు ప్రయోగశాలలు ఆధారపడిన పద్ధతి అది. కాల్షియం పెరిగి ఫాస్ఫరసు తగ్గిన రక్తము ఎందఱి గుట్టును ఆ కొలతచేత బయటపెట్టినదో! తెలుగువాని పేరు గల కొలత ఉండగా తెలుగింటి రోగికి రెండేండ్లు ఆ కొలత చేయించకపోతిమే యని నాకు ఇప్పటికిని బాధ.

చేయవలసినదేమి? రాయి ఒకటికి మించి పడినవారు, కారణము తెలియక ఎముకలు నొచ్చువారు లేదా చిన్న దెబ్బకే విఱిగినవారు, షుగరు లేకున్నను దాహము, అతిమూత్రము గలవారు, స్వభావమే మారెనని ఇంటివారు చెప్పుచున్నవారు, తమ డాక్టరును కాల్షియం, ఆల్బుమిన్, ఫాస్ఫరసు, క్రియాటినిన్ చూడుమని నోరు తెఱచి అడుగవలెను. ఆల్బుమిన్ ఎందుకనగా, రక్తములోని కాల్షియంలో కొంత ఆ ప్రోటీనును అంటుకొని తిరుగును. బక్కచిక్కిన మనిషిలో ఆల్బుమిన్ తగ్గి, కాల్షియం అంకె ఉన్నదానికంటె చిన్నదిగా కనబడును. 4 గ్రాములకు తగ్గిన ప్రతి గ్రామునకు 0.8 కలిపి చూతురు: కాల్షియం 10, ఆల్బుమిన్ 3 అయినచో అసలు లెక్క 10.8. అంకె ఎక్కువ వచ్చినచో మరల ఒకమారు చూపించి, ఆ వెంటనే పి.టి.హెచ్. చూపింపవలెను.

ఇచ్చట చదువుకొన్నవారు సైతము జారిపడు చోటొకటి కలదు. పి.టి.హెచ్. కాగితముపై అంకె హద్దులలో నున్నది, ప్రక్కన నక్షత్రపు గుర్తు లేదు, కనుక బాగున్నదనుకొందురు. కాల్షియం ఎక్కువగా నున్నప్పుడు ఆ హార్మోను అణగిపోయి దాదాపు లేకుండవలెను గదా! ట్యాంకు పొంగుచుండగా వాల్వు సగము తెఱచియున్నదనినచో అది బాగున్న వాల్వా? రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను. మా బావకు సందేహమే లేకపోయెను. అరువదియైదు లోపల నుండవలసినది 412 వచ్చినది.

పి.టి.హెచ్. నిజముగనే అణగియుండి కాల్షియం మాత్రము ఎక్కినచో దారి వేఱు, తొందర వేఱు. ఊపిరితిత్తులు, నోరు, గొంతు, మూత్రపిండము, రొమ్ము మొదలగు చోట్ల పుట్టిన కొన్ని క్యాన్సరులు పి.టి.హెచ్. ను పోలిన మఱొక పదార్థమును తామే తయారుచేసి రక్తములోనికి విడుచును. ఇట్టిదేదో యుండవలెనని ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అను వైద్యుడు 1941 లో ఊహించెను. ఆ ప్రోటీను 1987 లో చేతికి చిక్కినది. అడినోమాలో కాల్షియం ఏండ్ల తరబడి మెల్లగా నడచును. ఇందులో వారములలో ఎగబ్రాకును, మనిషి చిక్కిపోవును. రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకొనుటకు దవడలో ఖైనీ ఉంచుకొను కార్మికులను నేను బొల్లారములో ఎందఱినో చూచితిని. నోటిలో మానని పుండు గలవాడు దాహమని, వాంతులని, మగతయని చెప్పినచో తెల్లవారువఱకు ఆగరాదు. కాల్షియం 14 దాటినచో అది ప్రాణాపాయము. ఆసుపత్రిలో సెలైను ఎక్కించి, జోలెడ్రోనిక్ ఆసిడ్ వంటి మందులిచ్చి ముందు దానిని దింపి, పిదప మూలమును వెదకుదురు. క్యాన్సరని తేలినచో హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎమ్.ఎన్.జె. ప్రభుత్వ ఆసుపత్రి పేదవాని కొఱకే యున్నది.

అడినోమా గలవారు శస్త్రచికిత్స అగువఱకు ఏమి చేయవలెనని అడుగుదురు. నీరు ధారాళముగా త్రాగవలెను, గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉండి డాక్టరు వలదన్న తప్ప. బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో గౌను విప్పి మాటిమాటికి బయటికి పోవుట కష్టమని దాహమును బిగబట్టువారున్నారు. ఆ బిగబట్టుటయే రాయికి పునాది. సూపర్‌వైజరుకు డాక్టరు చీటీ చూపించి అడుగుటలో నామోషీ లేదు. పాలు పెరుగు పూర్తిగా మానివేయుట పొరపాటు. తిండిలో తగ్గిన కాల్షియంను గడ్డ ఎముకలనుండియే లాగుకొనును. మానవలసినవి సొంతముగా కొని మ్రింగు కాల్షియం బిళ్లలు, విటమిన్ డి ఇంజెక్షనులు. విటమిన్ డి లోపము నిజముగా నున్నచో డాక్టరే జాగ్రత్తగా ఇచ్చును. బీపీకి వాడు థయాజైడ్ జాతి బిళ్లలు కాల్షియంను పెంచునని గుర్తుచేయవలెను. ఇరువదినాలుగు గంటల మూత్రములో కాల్షియం కొలువమనినచో విసుగుకొనరాదు. శస్త్రచికిత్స అక్కఱలేని ఒక వంశపారంపర్య స్థితి దీనిని పోలియుండును, దానిని వేఱుచేయునది ఆ మూత్రము పట్టిన డబ్బాయే.

సర్జనును ఎన్నుకొనుటలో మొగమాటము పనికిరాదు. చార్లెస్ మార్టెల్ అను అమెరికా ఓడ కెప్టెనుకు ఆరు మార్లు కోసియు గడ్డ దొరకలేదు. 1932 లో ఏడవమారు గుండెకాయ సమీపమున, రొమ్ములో దొరికినది. అప్పటికే మూత్రపిండములు చెడి కొద్దివారములకే మరణించెను. నేడు టెక్నీషియం అను రేడియోధార్మిక పదార్థముతో చేయు సెస్టామిబి స్కాను గడ్డ ఏ ప్రక్కనున్నదో ముందే చూపును. అయినను ఈ పనిలో చేయి తిరిగినవారినే వెదకవలెను, “ఏడాదికి ఇట్టివి ఎన్ని చేయుదురు?” అని అడిగినచో మంచి సర్జను కోపగింపడు. ఖర్చు మాటకు వత్తును. 2017 నుండి నెలకు 21,000 రూపాయల లోపు జీతముగల కార్మికుడు, కాంట్రాక్టువాడైనను, ఈ.ఎస్.ఐ. పరిధిలోనివాడే; డిస్పెన్సరీనుండి పెద్దాసుపత్రికి రిఫరల్ వ్రాయించుకొనవచ్చును, అర్హత యున్నచో ఏడాదికి 91 దినములవఱకు జీతములో నూటికి డెబ్బది పాళ్లు పొందవచ్చును. ఉద్యోగము పోవునను భయముతో రోగమును దాచు కార్మికులకు ఈ మాట ఎవ్వరును చెప్పుట లేదు.

మా బావకు మెడక్రింద రెండంగుళముల కోత. పి.టి.హెచ్. రక్తములో ఎక్కువసేపు నిలువదు. సగమై, సగములో సగమై కరగిపోవును. గడ్డ తీసిన పది నిమిషములకు రక్తము తీసి, హార్మోను సగమునకు మించి పడిపోయినదని చూచిన పిదపనే కుట్లు వేసిరి. బయట బల్ల మీద అక్కకు చూపిన చిన్న సీసాలో ఉసిరిగింజంత గోధుమవన్నె ముద్ద యుండెను. అక్క దానిని చాలసేపు చూచి, “గింతదానికా తమ్మీ ఇన్ని మాటలన్న ఆయనను” అనెను. నేను తల వంచుకొంటిని. ఆ రాత్రి ఆయన పెదవుల చుట్టు, వ్రేళ్ల కొసలయందు చీమలు ప్రాకినట్లు తిమ్మిరి. ఏండ్లుగా దోచుకొనబడిన ఎముకలు ఆకలిగొని రక్తములోని కాల్షియంనంతటిని లాగుకొనినప్పుడు ఇట్లగును. కాల్షియం బిళ్లలు నిజముగా అవసరమైనది ఇప్పుడు. ఇంటికి వచ్చిన పిదపను ఈ తిమ్మిరి తోచినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను.

రెండు నెలలకు నేను బొల్లారము వెళ్లినప్పుడు, నేనిచ్చిన నోటుపుస్తకము బియ్యపు డబ్బా మీద కనబడినది. తెఱచితిని. మొదటి పుటలలో తేదీలు, వాని క్రింద వంకరటింకర అక్షరములతో ఒక్కటే వాక్యము, పదునొకండు మార్లు: “ఇయాల గూడ లేవలేదు.” పిమ్మట కొన్ని పుటలు ఖాళీ. తరువాత గీతలు గీసి అంకెలు: తేదీ, కాల్షియం, ఫాస్ఫరసు, వేసికొన్న బిళ్లలు, రాత్రి ఎన్ని మార్లు లేచినది. రియాక్టరు లాగుబుక్కు వ్రాయు చేతికి ఆ గీతలు అలవాటే. చివరి వరుసలో కాల్షియం 9.2, లేచినది సున్న, చివరి గడిలో రెండు మాటలు: “పిల్లను దింపిన.”